బెంటోనియా శ్రుతి

బ్లూస్ అనగానే మనలో చాలామందికి ఎలెక్ట్రిక్ గిటారే గుర్తొస్తుంది. పల్లెల్లో పుట్టిన పాత బ్లూస్ కి కరెంటుతో పనే లేదు. ఒక గొంతు, ఒక చెక్క గిటార్, అంతే.

అమెరికాలో, మిసిసిపీ రాష్ట్రంలో బెంటోనియా అని ఓ చిన్న ఊరుంది. అక్కడి పాటగాళ్ళు గిటార్ తీగల్ని ముందే మైనర్ కార్డ్ కి శ్రుతి చేసి పెట్టుకుంటారు. వేలితో ఏదీ నొక్కకుండా ఊరికే మీటినా దిగులే పలుకుతుంది. ఈ పద్ధతికి ఆద్యుడిగా చెప్పుకునే హెన్రీ స్టకీ ఒక్క రికార్డైనా ఇవ్వకుండానే 1966లో పోయాడు. ఆయన దగ్గర నేర్చుకున్న స్కిప్ జేమ్స్ 1931లో పారమౌంట్ కంపెనీకి పాడితే, ఆ మాంద్యం రోజుల్లో కొన్నవాళ్ళే తక్కువ. 1964లో కొందరు కుర్రాళ్ళు వెతుక్కుంటూ వెళ్తే ఆసుపత్రిలో దొరికాడు. మరో అయిదేళ్ళకి ఆయనా పోయాడు.

మరి ఆ శ్రుతి మిగిలిందెలా? జిమ్మీ డక్ హోమ్స్ వల్ల. వాళ్ళ అమ్మానాన్నలు 1948లో పెట్టిన బ్లూ ఫ్రంట్ కేఫ్ ని తర్వాత ఈయన నడిపాడు. జాక్ ఓవెన్స్ అనే పెద్దాయన దగ్గర నేర్చుకున్నాడు. కార్డ్ ల పేర్లు లేవు, కాగితం లేదు. వేళ్ళు చూసి పట్టుకోవడమే. మన ఆఫీసు భాషలో డాక్యుమెంటేషన్ లేని కేటీ అన్నమాట! ఒక్కడు మానేస్తే ప్రాజెక్టు గోవిందా.

రికార్డులున్నాయిగా, వింటే చాలదా అంటారేమో. వింటే ఆ పాట వస్తుంది. ఆ శ్రుతిలో కొత్త పాట కట్టడం మాత్రం పక్కన కూర్చున్నవాడికే వస్తుందని నా నమ్మకం.

1997లో ఓవెన్స్ పోయాడు. హోమ్స్ మొదటి ఆల్బమ్ 2006లో, అరవైకి దగ్గరపడ్డాక వచ్చింది. 2019 నాటి సైప్రస్ గ్రోవ్ కి గ్రామీ నామినేషన్ దక్కింది. కేఫ్ కొచ్చి అడిగినవాళ్ళకి మాత్రం ఆయనా అలాగే, వేళ్ళు చూపించే నేర్పాడు.