స్టీవ్ అని సంతకం

ఫోను మోగింది. స్టెఫనీ షర్లీ ముందు టేప్ రికార్డరు మీట నొక్కి, ఆ తర్వాతే రిసీవరెత్తింది. టేపులోంచి టకటకా టైపు కొడుతున్న చప్పుడు. అవతలున్న పెద్దమనిషి ఇదేదో నిండు ఆఫీసనుకోవాలి. నిజానికి అది ఆమె ఇల్లు. పక్కనే చంటివాడు గైల్స్ గుక్కపెట్టి ఏడుస్తున్నాడు.

1962లో ఇంగ్లండులో 6 పౌండ్లతో ఆమె పెట్టిన కంపెనీకి ఆ ఇల్లే ఆఫీసు. కంపెనీ పేరు ఫ్రీలాన్స్ ప్రోగ్రామర్స్. స్టెఫనీ పుట్టింది జర్మనీలో. తండ్రి యూదుడు. నాజీల చేతికి చిక్కకుండా 1939లో పిల్లల్ని తరలించిన రైళ్లలో ఒకదానిలో, ఐదేళ్ల వయసులో, అక్కతో కలిసి బ్రిటన్ చేరింది. పెద్దయ్యాక లండన్ డాలిస్ హిల్‌లోని పోస్టాఫీసు పరిశోధన కేంద్రంలో పగలు ఉద్యోగం చేస్తూ, సాయంత్రం తరగతులకు వెళ్లి గణితంలో డిగ్రీ తెచ్చుకుంది.

ఆ రోజుల్లో బిడ్డ పుడితే, తల్లి ప్రోగ్రామరైనా సరే, ఉద్యోగం మానేసి ఇంటిపట్టున ఉండాల్సిందే. బిడ్డను కన్నంత మాత్రాన నేర్చిన విద్య ఎక్కడికి పోతుంది? స్టెఫనీ అలాంటి వాళ్లనే వెతికి పట్టుకుంది. వాళ్లు ఇంట్లోనే కూర్చుని, పెన్సిలుతో కాగితాల మీద కోడ్ రాసేవారు. ఆ కాగితాలు పోస్టులో కంప్యూటరు కేంద్రానికి వెళ్లి, అక్కడ కార్డుల మీద రంధ్రాలుగా పంచింగ్ అయ్యాక కంప్యూటరుకెక్కేవి. ఇంట్లో ఫోనుంటే చాలు, ఉద్యోగానికి అర్హత ఉన్నట్టే.

మరి పని ఇచ్చేదెవరు? కంపెనీలకు ఉత్తరాల మీద ఉత్తరాలు రాసింది. ఉలుకూ పలుకూ లేదు. చివరికి భర్త డెరెక్, స్టెఫనీ అని కాకుండా స్టీవ్ అని సంతకం పెట్టి చూడమన్నాడు. పెట్టింది. పిలుపులు రావడం మొదలైంది. ఎదురుగా వెళ్లి నిలబడ్డాక గానీ స్టీవ్ ఆడమనిషని వాళ్లకు తెలిసేది కాదు. ఇక్కడికొచ్చేసరికి నాకు ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది. అదే మనిషి, అదే పనితనం. అడ్డుపడింది పేరొక్కటే.

కాంకార్డ్ విమానం బ్లాక్ బాక్సుకు ప్రోగ్రాం రాసింది ఇలా ఇళ్లలో కూర్చున్న ఆడవాళ్లే. మొదటి 300 మంది సిబ్బందిలో మగవాళ్లు ముగ్గురే. 1975లో లింగ వివక్షను నిషేధిస్తూ చట్టం వచ్చాక, ఆడవాళ్లకే ప్రాధాన్యమన్న నియమాన్ని వదులుకోక తప్పలేదు.

1990ల చివర్లో ఆ కంపెనీ నోయిడాలోని ఐఐఎస్ ఇన్ఫోటెక్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీని కొంది. ఇంగ్లండు ఇళ్లలో సాగిన పని సముద్రాలు దాటి మన దేశానికొచ్చింది. నోయిడాలో రాసినా, ఇంగ్లండులో ఒక తల్లి ఇంట్లో రాసినా, రాసిన మనిషి మాత్రం డబ్బు కట్టేవాడి కంటపడదు. అలా కంటపడని వాళ్లకు ఎంత దక్కాలన్నదే నాకు అసలు ప్రశ్న. స్టెఫనీ దానికి అంతకుముందే తన సొంత వాటాలోంచి జవాబిచ్చింది. కంపెనీలో పావు వంతును పైసా తీసుకోకుండా సిబ్బంది చేతికిచ్చింది. ఆ వాటాలతో వాళ్లలో 70 మంది మిలియనీర్లయ్యారు.