మహాయంత్రమును నాయికయు: కారెంపూడి వీరాయుధముల వెలుగులో జపాను వైజ్ఞానిక కల్పన

కార్తికమాసాంతమున అమావాస్య మొదలు అయిదు దినములు పల్నాటి కారెంపూడిలో జరుగు వీరారాధనమున ఊరేగునవి ప్రధానముగా ఆయుధములు. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అను పేర్లతో యుద్ధగాథ అయిదు దినములలో మరల నడచును. ఆచారవంతులు తమతమ వంశములవారు కొలుచు ఆయుధములను నాగులేటి జలముతో శుద్ధిచేసి, అలంకరించి తెత్తురు. బ్రహ్మనాయుని నృసింహకుంతము, కన్నమదాసు భైరవఖడ్గము ఆ సమయమున ఇనుముగా నెంచబడవు, అవి వీరులే. పండ్రెండవ శతాబ్దిలో నేలగూలినవారు తమ ఆయుధములయందు నిలిచియున్నారను విశ్వాసమే ఈ యారాధనమునకు మూలము.

ఇట్టి విశ్వాసము నెరిగినవారికి జపాను దేశపు ఆధునిక కల్పనలోని యొక యంశము సులభముగా బోధపడవలెనని మేము తలంతుము. అది నాయికకును మహాకాయమైన యంత్రమానవునకును గల బంధము. దానిని బాలవినోదమని త్రోసిపుచ్చుట మన పండితలోకమున పరిపాటి. త్రోసిపుచ్చినవారిలో ఆ కథలను చూచినవారు అరుదు.

జపానువారికి వస్తువునందు ప్రాణమును దర్శించుట క్రొత్త కాదు. నూరేండ్లు గడచిన పనిముట్టునకు ఆత్మ కలుగునను నమ్మిక వారి మధ్యయుగపు చిత్రకథలయందే కలదు. అట్టి వస్తువును వారు 'త్సుకుమోగామి' యందురు. కాని మహాయంత్రము ఆదిలో ప్రాణి కాదు, ఆజ్ఞకు లోబడిన భృత్యుడు మాత్రమే. 1956లో యోకొయామా మిత్సుతెరు ఆరంభించిన 'తెత్సుజిన్ 28' అను బొమ్మల కథలో ఒక బాలుడు చేతి పెట్టెతో దూరమునుండి యంత్రమును నడపును. పెట్టె శత్రువు చేతబడిన యంత్రమును వాని పక్షమే. ఇట యజమాని కలడు గాని బంధువు లేడు.

1972లో నగాయ్ గో రచించిన 'మజింగర్ జెడ్'తో స్థితి మారెను. నడుపువాడు యంత్రము శిరస్సునందే కూర్చుండెను. ఆ కథయందే నాయికకును ఒక యంత్రము లభించినది. యుమి సయాకా అను కన్య 'అఫ్రొడై' యను స్త్రీరూపయంత్రమును నడపును. ఇచట నొక భేదమును పాఠకులు గమనింపగోరెదము. నాయకుడైన కోజీకి మజింగరును అప్పగించినవాడు మరణోన్ముఖుడైన తాత. సయాకా యంత్రమును నిర్మించినవాడు ఆమె తండ్రి, సజీవుడు, పరిశోధనాలయాధిపతి. మనుమని యంత్రము వారసత్వము. కుమార్తె యంత్రము పరికరము. అందుచేతనే కాబోలు అఫ్రొడై మాటిమాటికి విరుగును, తుదకు నశించును. దాని స్థానమున మరియొకటి వచ్చును. నాయిక దానికై చిరకాలము శోకింపదు. కథకుడును ఆమె నట్లు శోకింపనీయలేదు.

ఈ భేదము యాదృచ్ఛికము కాదని మా యభిప్రాయము. ఈ గాథలలో మహాయంత్రము నాయికకు ఆత్మీయమగుట గతించినవారు దానిద్వారా ఆమెను చేరినపుడే. తరువాతి కృతులు మూడింటిని దీనికి సాక్ష్యముగా గైకొందము.

మొదటిది 1986లో మియజాకి హయావో నిర్మించిన 'లాప్యుతా' చలనచిత్రము. షీతా తలిదండ్రులు లేని పల్లెపడుచు. అవ్వ నేర్పిన యొక మంత్రమును ఆపదలో నుచ్చరింపగా, సైనికుల కోటలో మృతప్రాయమై పడియున్న యంత్రభటుడు మేల్కొనును. వాడామె పూర్వుల రాజ్యమున నిర్మితుడు. ఆమె వంశమునకు విధేయుడు. గోడలను పగులగొట్టి తనవైపు వచ్చు వానిని చూచి ఆమె భయముతో పరుగెత్తును. వాడు తన దేహము నడ్డముపెట్టి ఆమెను కాచి, ఫిరంగిగుండ్లకు కూలును. బంధము గుర్తింపబడునప్పటికే బంధువు లేకపోవుట ఈ ఘట్టమునందలి కరుణకు కారణము.

రెండవది 1988లో అన్నో హిదెయాకి దర్శకత్వమున వెలువడిన 'గన్‌బస్టరు'. తకయా నోరికో తండ్రి నౌకాధిపతి, అంతరిక్షయుద్ధమున హతుడు. ఆయనచే రక్షింపబడిన ఓటా యను శిక్షకుడు ఆమెకు మహాయంత్రమును నడపుట నేర్పును. చివరి యుద్ధమున ఆమె ఆ యంత్రము చేతులతోనే దాని ఱొమ్మును చీల్చి, లోపలి శక్తికేంద్రమును పెకలించి, శత్రువుల నాశమునకై సమర్పించును. ఆమె మరల భూమిని చేరునప్పటికి అచట పండ్రెండువేల యేండ్లు గడచియుండును. యంత్రమును విరుగుటకు మాత్రమే పొందిన సయాకాకును, దానిని తానే బలియిచ్చిన నోరికోకును నడుమ పదునారేండ్లే కలవు. ఆ యంతరము మాత్రము చాల పెద్దది.

మూడవది మిక్కిలి క్లిష్టము. అదే దర్శకుని 'ఎవాంగెలియను' 1995-96 సంవత్సరములలో ఇరువదియారు భాగములుగా ప్రసారమై, 1997 నాటి చలనచిత్రమున ముగింపబడెను. పదునాలుగేండ్ల అసుకా రెండవసంఖ్య యంత్రమును తన ప్రతిష్ఠకు సాధనముగా మాత్రమే చూచును. ఆమె తల్లి ఆ యంత్రముతో జరిగిన ప్రయోగమువలన మతిచెడి, యొక బొమ్మను కూతురని లాలించి, ఉరివైచుకొని మరణించినది. సరస్సు అడుగున మరణభయముతో ముడుచుకొని కూర్చున్న అసుకాకు, తల్లి యీ యంత్రమునందే యుండి ఎల్లప్పుడును తనను కాచినదని తుదకు తెలియును. వెంటనే ఆమె లేచి పోరును. ఆ పోరునందు గెలుపు లేదు. తొమ్మిది తెల్లని యంత్రములు ఆమె యంత్రమును చీల్చివేయును. తల్లిని కనుగొనుట రక్షణ కాలేదు.

పల్నాటివారికి ఈ కథలలో క్రొత్తది ఆయుధమున గతించినవారుండుట కాదు, ఆ వారసత్వము కుమార్తెకు దక్కుట. మన గాథలో శౌర్యము బ్రహ్మనాయునినుండి బాలచంద్రునకు సంక్రమించెను. ఐతాంబ కన్నతల్లి, మాంచాల భర్తను సమరమునకు సాగనంపిన యిల్లాలు. వారి మహత్త్వమును తగ్గించుట మా యుద్దేశ్యము కాదు. కాని ఆయుధమునకు వారు వెలుపలనే నిలిచిరి.

నాగమ్మ మాత్రము లోపలికి వచ్చినది. గురజాలలో మంత్రిణియై, రాజ్యతంత్రము నడపి, యుద్ధమునకును పూనినది. అట్టి స్త్రీకి గాథ యిచ్చిన స్థానము ప్రతినాయికాస్థానము. కోడిపోరున మాచెర్లవారు ఓడి ప్రవాసమునకు పోయినపుడు ఆమె తంత్రము కుతంత్రమనబడెను. చాపకూడు పెట్టిన బ్రహ్మనాయుని తంత్రము ధర్మమనబడెను. బ్రహ్మనాయుని సంస్కారమును మేము తక్కువచేయుట లేదు. అయినను గెలిచినవారును ఓడినవారును కలిసి నశించిన యుద్ధమున దోషభారము నొక స్త్రీ తలపై మోపుట న్యాయమా యని చరిత్రకారుడు ప్రశ్నింపక తప్పదు. నగాయ్ గో సయాకాకు విరిగిపోవు యంత్రము నిచ్చుటయు, మన గాథాకారులు నాగమ్మకు నింద నిచ్చుటయు ఒకే సంకోచమునకు రెండు రూపములు. జపాను కథకులు ఆ సంకోచమును దాటుటకు పదునారేండ్లు పట్టినది. నాగమ్మ విషయమున మన నాటకములును చలనచిత్రములును ఇంకను పాతదారినే యెక్కువగా త్రొక్కుచున్నవి.

మరియొక భేదమును చెప్పవలసియున్నది. కారెంపూడిలో ఆయుధము శిథిలము కాగూడదు. ఏటేట నాగులేట మునిగి తిరిగివచ్చును. జపాను నాయికల యంత్రములో, కూలుట, చీలుట, నశించుట వాని విధి. వీరులను జనులు కొలుతురు గాని యంత్రములకు గుడి లేదు. లాప్యుతాలో మాత్రము ఈ క్రమము తలక్రిందగును. నిర్జనమైన ఆకాశనగరమున నొంటిగా మిగిలిన యంత్రభటుడు తోటలను కాచుచు, పక్షిగూళ్లు చెదరకుండ చూచుచు, ఎవరును రాని సమాధియొద్ద పువ్వుల నుంచుచుండును. షీతా వానిని చూచునపుడు వాని దేహముపై నాచు పట్టియుండును.