పరస్త్రీని పిలుచు తీరు

దారిలో ఎదురైన అపరిచిత స్త్రీని ఏమని పిలువవలెను? ఈ ప్రశ్న స్వల్పమైనదిగా తోచును. కాని ప్రాచీన ధర్మశాస్త్రకర్తలు దానిని స్వల్పముగా ఎంచలేదు. తనకు రక్తసంబంధము లేని పరుని భార్యను 'భవతి' అనియో, 'సుభగ' అనియో, 'భగిని' అనియో సంబోధింపవలెనని మనుస్మృతి రెండవ అధ్యాయము విధించినది. బండి నెక్కినవానికి, తొంబది యేండ్లు దాటిన వృద్ధునికి, రోగికి, బరువు మోయువానికి, స్నాతకునికి, రాజునకు, పెండ్లికుమారునికి దారి విడువవలెనని చెప్పుచు, ఆ వరుసలోనే స్త్రీని గూడ చేర్చినది. మూడవ అధ్యాయమున క్రొత్తగా పెండ్లియైన స్త్రీలకు, కన్యలకు, రోగులకు, గర్భిణులకు అతిథులకంటె ముందుగానే భోజనము పెట్టవలెనని యున్నది.

ఈ మర్యాదకు మూలము బంధుత్వము. పరాయి స్త్రీని తోబుట్టువుగా భావించినచో చూపునకు, మాటకు హద్దు తనంత తానే యేర్పడును. దేశభాషలన్నియు ఈ పద్ధతినే అనుసరించినవి. వయస్సును బట్టి ఆమె చెల్లెలు, అక్క, అమ్మ, అవ్వ యగును. పసిపిల్లను సైతము పెద్దలు తెలుగున 'అమ్మా' అనియు, వంగభాషలో 'మా' అనియు పిలుతురు.

అయితే ఈ బంధుత్వమున ఒక మెలిక కలదు. సుభగ యను మాటకు సౌభాగ్యవతి యని అర్థము. సౌభాగ్యమో, భర్త జీవించియున్నంత వరకే. నిన్న సుమంగళియని పేరంటమునకు పిలువబడిన యువతి నేడు భర్తను కోల్పోయినచో, ఎదురు వచ్చుటయే అపశకునమైనది. ఆమె వయస్సు మారలేదు, గుణము మారలేదు. దారినపోవువాని చూపు మాత్రము మారినది. 1882లో తారాబాయి శిందే మరాఠీలో ప్రకటించిన 'స్త్రీపురుష తులన' ఈ అన్యాయమునే నిలదీసినది. భార్య మరణించిన పురుషునికి ఇట్టి నియమములు ఏల లేవని ఆమె ప్రశ్నించినది.

భర్తతో నిమిత్తము లేని మర్యాద మన ప్రాచీనులకు తెలియనిది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున నూలు వడికించు అధికారిని గూర్చిన ప్రకరణము ఇందుకు సాక్ష్యము. అచట పని పొందువారు విధవలు, అంగవికలురు, కన్యలు, సన్న్యాసినులు, వృద్ధ రాజదాసులు, కొలువు చాలించిన దేవదాసులు. ఇల్లు వెడలని స్త్రీలకు దాసీల ద్వారా పని పంపవలెను. వేకువనే నూలు తెచ్చినవారి యెదుట దీపము నూలు పరీక్షించుటకే వెలుగవలెను. అధికారి ఆమె ముఖము చూచినను, అన్యవిషయములు మాటాడినను పూర్వసాహసదండము, అనగా 48 నుండి 96 పణముల జరిమానా. వేతన మిచ్చుటలో జాగు చేసినచో మధ్యమదండము. ఆ గ్రంథము దయామయమని దీని భావము కాదు. వేతనము గొని పని చేయని స్త్రీకి వ్రేళ్లు ఖండించు శిక్షను గూడ అదియే చెప్పినది. అయినను ఆ దీపము వెలుగున ఆమె ఎవరి భార్యయను ప్రశ్న లేదు. హద్దు పాటింపవలసిన భారము అధికారిదే.

పనిచోట స్త్రీల గౌరవమును గూర్చి 1997లో విశాఖ వ్యాజ్యమున సుప్రీంకోర్టు మార్గదర్శకము లిచ్చినది. 2013లో పార్లమెంటు చట్టము చేసినది. 'అమ్మా' యను పిలుపు మధురమైనదే. కాని ఆ పిలుపునకు నోచుకొనని స్త్రీకి దారిలో ఎట్టి మర్యాద లభించుచున్నదో చూచియే ఒక సమాజపు సభ్యతను నిర్ణయింపవలెను.