ఊపిరితిత్తుల మౌనమండలం

రెండు మిల్లీమీటర్లకన్న సన్నని శ్వాసనాళికలే గాలి రాకపోకలకు ప్రధానమైన అడ్డంకి అని వైద్యశాస్త్రం చాలాకాలం నమ్మింది. గొట్టం ఇరుకయ్యేకొద్దీ అందులో నిరోధం పెరుగుతుంది కనుక, ఆ నమ్మకం సహజంగానే తోచింది.

దానిని కదిలించినవి కొలతలు. స్విట్జర్లండుకు చెందిన ఎవాల్డ్ వైబెల్ న్యూయార్క్‌లోని బెల్‌వ్యూ ఆసుపత్రిలో చేసిన పరిశోధన ఫలితాలు 1963లో ‘మార్ఫోమెట్రీ ఆఫ్ ది హ్యూమన్ లంగ్’ అన్న గ్రంథంగా వెలువడ్డాయి. కంఠం దిగువ మొదలైన నాళం వాయుకోశాలను చేరేలోగా సుమారు 23 తరాలుగా చీలుతుందని ఆయన లెక్క. ఒక్కొక్క నాళిక సన్ననిదే. అన్నీ కలిస్తే గాలికి లభించే దారి మాత్రం ఎంతో విశాలం. గోదావరి డెల్టాలో ప్రధాన కాలువ నీరు వేలాది పిల్లకాలువల్లోకి నిదానంగా పంచుకుపోయినట్టే ఇదీ.

1967లో పీటర్ మాక్లెమ్, హార్వర్డ్‌కు చెందిన జెరె మీడ్ కుక్కల ఊపిరితిత్తులలో ఈ నిరోధాన్ని నేరుగా కొలిచారు. మొత్తంలో సన్నని నాళికల వాటా దాదాపు పదోవంతే అని తేలింది. మరుసటి ఏడాది మాక్లెమ్, జేమ్స్ హాగ్, విలియం థర్ల్‌బెక్ కలిసి, దీర్ఘకాలిక శ్వాసరోగంతో మరణించినవారి ఊపిరితిత్తులను పరీక్షించారు. అక్కడ అదే నిరోధం 4 నుంచి 40 రెట్లు పెరిగివుంది.

ఈ రెండు ఫలితాలను పక్కపక్కన పెడితే కలవరపెట్టే సంగతి ఒకటి బయటపడుతుంది. ఆ నాళికలలో సగం పూడిపోయినా మొత్తం నిరోధం పెరిగేది సుమారు పదోవంతు మాత్రమే. మనిషికి ఆయాసం తెలియదు; మామూలు శ్వాస పరీక్షలోనూ తేడా కనిపించకపోవచ్చు. 1970లో మీడ్ ఈ ప్రాంతానికి ‘నిశ్శబ్ద మండలం’ అని పేరు పెట్టారు.

ఆ నిశ్శబ్దం చాటున ఏం జరుగుతుందో 1974లో డెనిస్ నీవోనర్, జెరోమ్ క్లైనర్‌మన్, డొనాల్డ్ రైస్ చూపించారు. వారు పరిశీలించినవి ఆసుపత్రి వెలుపల హఠాత్తుగా మరణించిన యువకుల ఊపిరితిత్తులు. పొగతాగే అలవాటున్నవారి సూక్ష్మనాళికలలో వాపు అప్పటికే మొదలైంది. గోధుమరంగు కణాలు గుంపులుగా పేరుకున్నాయి. 2011లో హాగ్ బృందం మరో అడుగు ముందుకు వేసింది: వాయుకోశాల గోడలు శిథిలం కాకమునుపే చివరి నాళికలు ఇరుకై, అనేకం అదృశ్యమవుతాయని నిరూపించింది.

మెట్లెక్కుతూ మనిషి తొలిసారి ఆయాసపడి ఆగేనాటికి, లోపల ఎన్నో దారులు ఏనాడో మూసుకుపోయి ఉంటాయి.