గుండు దారం నుండి పరమాణువు దాకా

క్రీ.శ. 1163లో హనుమకొండ వేయిస్తంభాల గుడిని నిలిపిన శిల్పులకైనా, నేడు గోడ కట్టే మేస్త్రీకైనా నిలువును చూపేది దారానికి వ్రేలాడే గుండే. అది పక్కకు ఒరగగలదని పసిగట్టిన కథలో మన సీమకూ పాలున్నది.

భారతదేశపు మహాచాపాన్ని కొలుస్తున్న విలియం లాంబ్టన్‌కు సహాయకుడు జార్జి ఎవరెస్టు. ఇతడు 1819లో కృష్ణా గోదావరుల నడిమి అడవులలో సర్వే చేస్తుండగా అడవిజ్వరం బృందాన్ని కూల్చివేసింది. పరిజనులలో కొందరు మరణించారు. ఎవరెస్టు ఆరోగ్యం కోసం 1820లో ఆఫ్రికా దక్షిణపు కొనన ఉన్న కేప్‌కు వెళ్ళాడు. అక్కడ 1752లో ఫ్రెంచి ఖగోళజ్ఞుడు లకాయ్ చేసిన కొలత భూమి ఆకారాన్నే తారుమారు చేసి చూపుతుండేది. దగ్గరి కొండలు గుండును తమవైపు లాగి ఉంటాయని ఎవరెస్టు ఊహించాడు.

తరువాత ఉత్తరదేశంలో కల్యాణా, కల్యాణ్‌పూర్‌ల నడుమ ఎవరెస్టు చేయించిన కొలతలలోనే ఐదు వికలల తేడా వచ్చింది. హిమాలయాల ఆకర్షణకు పదిహేను వికలలకు పైగా రావాలని 1855లో ప్రాట్ లెక్కకట్టాడు. పర్వతాల క్రింద తేలికైన వేరు ఉన్నదని ఆ ఏడే ఏరీ సమాధానమిచ్చాడు. 1865 నుండి లోలకాలతో దేశమంతటా గురుత్వాన్ని కొలిచిన బసేవి 1871లో లడాఖ్ ఎత్తులలో కన్నుమూశాడు. ఆ పనినే హైదరాబాదులో 1961లో వెలసిన జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ కొనసాగించి, 1975లో భారత గురుత్వ పటాన్ని వెలువరించింది.

నేడు గుండు స్థానంలో పరమాణువు నిలిచింది. 1991లో స్టాన్‌ఫర్డులో కాసెవిచ్, స్టీవెన్ చూ లేజరుతో చల్లార్చిన పరమాణువులను ఈ కొలతకు వినియోగించారు. పరమాణువుకు తరంగ స్వభావమూ ఉన్నది. కాంతి తాకిడితో ఆ తరంగం రెండు త్రోవలుగా చీలి, మరల కలుస్తుంది. కలిసినప్పుడు రెండింటి నడుమ ఏర్పడిన ఎడమే గురుత్వపు కొలత. పడే సీజియం పరమాణువూ, పడే గాజుదిమ్మా వందకోట్లలో కొద్ది పాళ్ళ మేరకు ఒకే త్వరణంతో పడతాయని 1999లో తేలింది. 2020లో రెండు రకాల రుబీడియం పరమాణువులతో ఈ సమానత్వాన్ని లక్షకోట్లలో కొద్ది పాళ్ళ దాకా పరీక్షించారు. 2022లో బర్మింగ్‌హామ్ శాస్త్రజ్ఞులు ఇదే విద్యతో నేల క్రింది సొరంగాన్ని కనిపెట్టారు.

కొలతలోని తేడాను దోషమని త్రోసివేయక కారణం వెదకినందువలననే ఇంతటి విద్య అలవడింది. 1865లో అత్యున్నత శిఖరానికి ఎవరెస్టు పేరు పెట్టారు. మన అడవులలో అతని సామగ్రి మోసి, జ్వరానికి బలియైనవారి పేర్లు మాత్రం ఏ పాఠ్యపుస్తకంలోనూ పిల్లలకు చెప్పలేదు.