బాంబుల కంపెనీ వారి రీలు

మా మరిది అమెరికాలో, ఓక్లహోమా రాష్ట్రంలోని టల్సాలో ఉంటాడు. నేను వెళ్ళినప్పుడు, ఎవరో ముసలావిడ ఇంటి ముందు పాత సామాన్లు పరిచి అమ్ముతుంటే, రెండు డాలర్లిచ్చి చేపల గాలానికి బిగించే రీలొకటి తెచ్చాడు.

"వదినా, పాత జెబ్కో 33! ఈ ఊళ్ళోనే పుట్టింది. వందల డాలర్లొస్తాయి చూడు" అన్నాడు.

ఆ వందల సంగతలా ఉంచి, దాని పుట్టుక చెబుతాను. నవలలో రాస్తే నమ్మరు.

1932లో టల్సాలో జీరో అవర్ బాంబ్ కంపెనీ అని ఒకటి వెలిసింది. చమురు బావుల్లో రాతిని పగలగొట్టే టైంబాంబులు దాని సరుకు. పేటెంటు గడువు తీరబోతోంది, ఇకముందు ఏం చెయ్యాలా అని వాళ్ళు తల పట్టుకున్న వేళ, 1947లో ఆర్.డి. హల్ అనే ఆయన టెక్సాస్ నించి వచ్చాడు. గడియారాల పనివాడు. ఆయన తెచ్చిన నమూనా ఏమిటనుకున్నారు? ఒక చెక్క, దానిమీద గుండ్రంగా కొట్టిన మేకులు, వాటి చుట్టూ దారం, పైన కాఫీ డబ్బా మూత!

అప్పటి రీళ్ళలో ఎర విసరగానే దారపు కండె గిర్రున తిరిగేది. ఎర నెమ్మదించినా కండె ఆగదు. బొటనవేలితో అదిమి ఆపడం చేతకాకపోయిందా, దారమంతా పిచ్చుక గూడే. గాలిపటం దారం చిక్కుపడ్డ పిల్లవాడి మొహం చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. కొట్లో పొట్లాలు కట్టేవాడు కదలని ఉండ నించి దారం సర్రున లాగడం హల్ చూశాడట. కండే తిరక్కపోతే చిక్కేముంది?

1949లో మొదటి రీలు, 1954లో ఈ 33 వచ్చాయి. వెనక మీట నొక్కిపట్టి, విసురుతూ వదిలెయ్యడమే. చేపలు పట్టడమంటే చెయ్యి తిరిగిన మగవాళ్ళ విద్య అనుకునే రోజులు పోయి, పిల్లలూ ఆడవాళ్ళూ గాలం పట్టారు. 1956లో పేరు కుదించి జెబ్కో అన్నారు. అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కి పంపిన పార్సిల్ మీద 'బాంబ్' అని చూసి కాపలావాళ్ళు నీళ్ళలో ముంచారని ఒక కథ చెప్పుకుంటారు. తర్వాత కంపెనీ చేతులు మారింది, తయారీ చైనాకి వెళ్ళింది.

ఇక వందల సంగతి. మరిది మూత విప్పాడు. లోపల లోహపు పళ్ళచక్రాలు, ఆముదంలా నల్లబడ్డ గ్రీజు. తుడిచి చుక్క నూనె వేస్తే ఇట్టే తిరిగింది. నాణ్యానికి వంకలేదు. కానీ లక్షల్లో తయారైన సరుక్కి ఏం ధర వస్తుందండీ? హోటల్లో ఒక పూట భోజనానికి సరిపోతే గొప్ప. సేకరించేవాళ్ళు ఎగబడేది అడుగున బాంబు కంపెనీ పేరున్న తొలి రీళ్ళకి, అట్టపెట్టె, కాగితాలతో సహా ఉన్నవాటికి. అంటే నీళ్ళ మొహం చూడని రీలుకే మర్యాద! మడత విప్పని పట్టుచీర లాగా. నాకైతే ఒళ్ళు మండింది.

"ఆవిడ ఏమైనా చెప్పిందా?" అని మరిదిని అడిగాను.

"ముగ్గురు కూతుళ్ళకీ దీంతోనే నేర్పిందిట" అన్నాడు నీరసంగా.

మీట మీద బొటనవేలు ఆనేచోట అరిగి నున్నగా ఉంది. రెండు డాలర్లూ అతని చేతిలో పెట్టి నేనే తీసుకున్నాను.

తిరుగు ప్రయాణంలో విమానాశ్రయం అధికారి పెట్టె తెరిపించి, ఇదేమిటని అడిగాడు. చేపల రీలన్నాను. కంపెనీ పాత పేరు మాత్రం చెప్పలేదు.