చెంచుల ఇంటి అల్లుడు

పర్చూరు నల్లరేగడి నేలకు నైరుతి దిక్కున, గుండ్లకమ్మ ఒడ్డున అద్దంకి ఉంది. ఉత్తరాన కొండవీడు. ఒకదాని తర్వాత ఒకటి రెడ్డిరాజులకు రాజధానులైన ఊళ్లివి. ఇవాళ పత్తి, మిరప పండిస్తున్న ఈ మైదానాన్ని 14వ శతాబ్దిలో ప్రోలయ వేమారెడ్డి ఏలాడు. అతడి ఆస్థానకవి ఎర్రాప్రగడ. హరివంశాన్ని ఆ ప్రభువుకే అంకితమిచ్చిన ఎర్రన, నృసింహపురాణాన్ని మాత్రం ఏ రాజు పేరా చెప్పలేదు. సగం మనిషి, సగం మృగం అయిన అహోబిలేశ్వరుడికే దాన్ని సమర్పించాడు.

రక్తం తాగే ప్రియులు, తోడేళ్లుగా మారే యువకులు, మాయాలోకపు సుందరులు నిండిన ఇంగ్లీషు ప్రేమనవలలు ఇప్పుడు మన పిల్లలు ఇష్టంగా చదువుతున్నారు. 1897లో బ్రామ్ స్టోకర్ 'డ్రాకులా' రాసినప్పుడు రక్తపిశాచి తరిమికొట్టవలసిన శత్రువు. 2005లో స్టెఫెనీ మేయర్ 'ట్వైలైట్'తో మొదలుపెట్టిన నవలల వరుసలో అతడే నాయకుడు. తోడేలు కుర్రవాడు అతడికి పోటీ. ఈ ఊహలన్నీ పడమటి దేశాల నుంచి దిగుమతి అయినవేనని పెద్దలు కొట్టిపారేస్తుంటారు. ఆ మాట రక్తపిశాచి విషయంలో చాలావరకు నిజం. మృగరూపుడైన ప్రియుడి విషయంలో మాత్రం ఒప్పుకోలేను.

రక్తపిశాచి సంగతి ముందు చూద్దాం. మన పల్లెల్లో నెత్తురు పోలేరమ్మకు చెందింది. ఏటా జాతరలో ఆమె భాగం ఆమెకు ముట్టేది. ఆమె మీద భయమూ భక్తీ ఉండేవి తప్ప వలపు అనే ఊహకే చోటు లేదు. భేతాళుడు చందమామ పాఠకులకు కథ చెప్పి చిక్కుప్రశ్న వేశాడు, ప్రేమించలేదు. 1980ల తొలినాళ్లలో యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' ఆంధ్రభూమి వారపత్రికలో పాఠకులను కట్టిపడేసినప్పుడు కూడా క్షుద్రశక్తి గురిపెట్టింది ఒక చిన్నపిల్ల ప్రాణానికి. దాని మీద రంగనాయకమ్మ విరుచుకుపడి 'తులసిదళం కాదు గంజాయి దమ్ము' రాశారు. ఆ వాదమంతా మూఢనమ్మకాల చుట్టూ తిరిగింది. శృంగారం అక్కడ ప్రధానాంశమే కాదు.

గంధర్వుల దారి వేరు. 1515లో కొండవీటిని గెలిచిన కృష్ణదేవరాయలి కొలువులోనే అల్లసాని పెద్దన మనుచరిత్ర పుట్టింది. ప్రవరుడు కాదని వెళ్లిపోయాక, వరూధినిని కోరుకున్న గంధర్వుడొకడు అతడి రూపం ధరించి వస్తాడు. తాను కూడినది ఎవరినో ఆమెకు తెలియదు. వారి కొడుకు స్వరోచి పెద్దవాడై, రాక్షసుడి బారి నుంచి మనోరమను కాపాడతాడు. ఆ రాక్షసుడు శాపం తగిలిన ఆమె తండ్రే అని తర్వాత తేలుతుంది. చివరికి ఒక ఆడలేడి స్వరోచిని కౌగిలి అడుగుతుంది, కౌగిట్లో వనదేవతగా మారుతుంది. మోసం, శాపం, రూపం మార్చడం, మోహం అన్నీ ఉన్నాయి. కానీ మాయాప్రవరుడు పని తీరగానే తన దారి చూసుకున్నాడు. అతడికి అత్తమామలు లేరు, చుట్టరికం లేదు.

నరసింహుడు అలా వెళ్లిపోలేదు. హిరణ్యకశిపుడి పొట్ట గోళ్లతో చీల్చి, పేగులు మెడలో వేసుకున్న దేవుడి ఉగ్రం ఎవరు చల్లార్చారు? ప్రహ్లాదుడి స్తోత్రం అంటాయి పురాణాలు. నల్లమల చెంచులు తమ ఆడపిల్ల అంటారు. అడవిలో తిరుగుతున్న ఆ మృగదేవుడు చెంచులక్ష్మిని చూసి మనసుపడ్డాడు. వేటాడి, తేనె తెచ్చి, దుంపలు తవ్వి తన సత్తా చూపితే గానీ ఆమె వారు పిల్లనివ్వలేదని చెప్పుకుంటారు. తొలి భార్య ఆదిలక్ష్మికీ ఈమెకూ సవతుల కయ్యం కూడా తప్పలేదట. దేవుణ్ణి పరీక్ష పెట్టి అల్లుణ్ణి చేసుకున్న ఈ కథలో గిరిజనుల ఆత్మగౌరవం నాకు స్పష్టంగా వినిపిస్తుంది. ఇక్కడ మృగత్వం వదిలించుకోవలసిన శాపం కాదు. పెళ్లికొడుకు సింహం ముఖంతోనే పీటల మీద కూర్చున్నాడు.

మైదానపు రాజులకు ఆ నల్లమల కొండలతో సంబంధం ఉండేది. 1323లో ఓరుగల్లు కూలాక తలెత్తిన ప్రోలయ వేముడు శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడు. యాత్రికుల సౌకర్యం ఒక కారణమే. అడవి దారులు తెలిసిన జనంతో మైత్రి కొత్త రాజ్యానికి అంతకన్నా అవసరమై ఉంటుందని నా ఊహ.

చెంచుల నోట ఉన్న కథ మఠం దాకా పాకింది. అహోబిల మఠాధిపతి పేరున ఉన్న 'వాసంతికాపరిణయం' అనే సంస్కృత నాటకంలో నాయిక అడవిపిల్లే. ఓబయమంత్రి 'గరుడాచలం' ఆ కథను యక్షగానంగా ఊళ్లలోకి తెచ్చింది. సినిమా రెండుసార్లు ఎత్తుకుంది: 1943లో ఒకసారి, 1958లో బి.ఎ. సుబ్బారావు దర్శకత్వంలో అక్కినేని, అంజలీదేవిలతో ఇంకోసారి. భయంకరమైన మృగం ముఖం సినిమాలో చాలావరకు అందగాడి ముఖమైపోయింది. అది నష్టమేనని నా అభిప్రాయం.

అహోబిలంలో మాత్రం చుట్టరికం తెగలేదు. కనుమనాడు మొదలయ్యే పారువేటలో స్వామి పల్లకి ఎక్కి దాదాపు నలభై రోజులు, ముప్పైకి పైగా ఊళ్లు తిరుగుతాడు. బ్రహ్మోత్సవంలో జరిగే తన పెళ్లికి రమ్మని ఊరూరా స్వయంగా పిలుస్తాడు. బయల్దేరే వేళ చెంచులు పల్లకి వైపు బాణాలు వేస్తారు. బావమరదుల హక్కు అది.